కలావెవ నీళ్ళ వెంట

శ్రీలంక వెళ్ళొచ్చానంటే అందరూ ముందుగా అడిగేది బీచ్‌ల గురించే. నాకైతే ఆ దేశం పేరు వింటే చాలు, చెరువు కట్ట గుర్తొస్తుంది. కట్ట పొడవునా తెల్లమద్ది చెట్లు, ఒక పక్క కనుచూపు మేర నీళ్ళు, రెండో పక్క దిగువన పచ్చటి మడులు, మధ్యలో మట్టిబాట మీద సైకిళ్ళు తొక్కుకుంటూ పోయే బడిపిల్లలు. మాది నర్సంపేట దిక్కు, పాకాల ఆయకట్టు కింద ఊరు. ఆ ఏడు చెరువు నిండిందా లేదా అన్నదాన్ని బట్టే ఇంట్లో పెళ్ళిళ్ళు కుదిరేవి, లేదంటే మరుసటి ఏటికి వాయిదా పడేవి. అలాంటి ఇంట్లో పుట్టినందుకేమో, ఆ దీవిలో నా మనసు సముద్రం దగ్గర కాకుండా చెరువుల దగ్గరే చిక్కుకుపోయింది.

2016 జూన్‌లో వెళ్ళాను. హైదరాబాద్‌లో ఉద్యోగం, చేతిలో కొంచెం డబ్బు, ఇంట్లో పెళ్ళి మాటలు ఇంకా గట్టిగా మొదలుకాని రోజులు. ఒక్కదాన్నే దేశం దాటి తిరిగి రావాలన్న కోరిక కాలేజీ నుంచీ ఉంది. వీసా ఆన్‌లైన్‌లోనే వచ్చేస్తుంది, చెన్నై నుంచి గంటన్నర లోపే విమానం, అప్పట్లో మన రూపాయికి వాళ్ళ రూపాయలు రెండు వచ్చేవి. ఇంతకంటే దగ్గరి పరాయి దేశం నాకు కనబడలేదు. అమ్మకి మాత్రం నిద్ర పట్టలేదు. అంతకుముందు నెలలోనే రోను తుఫాను లంకని ముంచేసి మన కోస్తా పక్కగా పోయింది. అరనాయక దగ్గర కొండచరియలు విరిగిపడి ఊళ్ళకి ఊళ్ళే మట్టి కిందికి పోయాయి. టీవీలో అదంతా చూసి "ఒక్కదానివి, ఏమన్నయితే ఎవరికి చెప్పుకుంటవ్?" అని ఒకటే టెన్షన్. నాన్న తక్కువ మాట్లాడే మనిషి. మా దగ్గర ఊరూరా మిషన్ కాకతీయ కింద చెరువుల్లో పూడిక తీస్తున్నారప్పుడు. ఆయన ధ్యాసంతా దాని మీదే ఉండేది. "పోయిరా బిడ్డా. పోయినకాడ నీళ్ళు యాడికెళ్ళి వస్తయో, ఎట్ల పారిస్తరో చూసిరా" అన్నాడు. ఆ మాట నా సంచీలో అన్నిటికంటే బరువుగా కూర్చుంది.

కటునాయక విమానాశ్రయం నుంచి 187 నంబరు బస్సెక్కి కొలంబో కోటలో దిగాను. ఎర్ర ప్రభుత్వ బస్సులు మన అశోక్ లేలాండ్‌వే. ముందు సీట్ల మీద బౌద్ధ భిక్షువులకి కేటాయించినట్టు రాసి ఉంటుంది. భిక్షువు ఎక్కగానే అందులో కూర్చున్నవాళ్ళు చప్పుడు చేయకుండా లేచి నిలబడతారు. ఆడవాళ్ళు పక్కన చోటు ఇచ్చి సంచీ కాళ్ళ దగ్గర పెట్టుకోమని సైగ చేసేవాళ్ళు. ఒంటరిగా తిరిగే ఆడపిల్లకి ఆ చిన్న సైగ ఎంత ధైర్యమో తిరిగినవాళ్ళకే తెలుస్తుంది.

ముందు దక్షిణానికి, గాలెకి పోయాను. రైలు సముద్రాన్ని ఆనుకునే పోతుంది, కిటికీలోంచి చెయ్యి చాపితే నురగ తగులుతుందేమో అన్నంత దగ్గరగా. పెరాలియ దాటేటప్పుడు పెట్టెలో మాటలు తగ్గాయి. 2004 డిసెంబరు 26న సునామీ ఒక రైలుని మొత్తంగా ఎత్తిపడేసింది అక్కడే. పదిహేడు వందల మందికి పైగా పోయారు. ఆ ఏడాది మన కోస్తాలో పోయినవాళ్ళూ గుర్తొచ్చారు. గాలెలో నైరుతి వాన పట్టుకుంది. సముద్రం ఎర్రగా, మట్టి కలిసి ఎగిరెగిరి పడుతోంది. డచ్చివాళ్ళు బలపరిచిన కోటగోడ మీద గొడుగుతో ఒక సాయంత్రం నడిచాను. అంతకుమించి ఉండాలనిపించలేదు. కొండల్లోకి బయల్దేరాను.

క్యాండీలో నాకు ఇల్లు దొరికింది అనాలి. రిటైరైన టీచరమ్మ తమ మేడ మీద గది అద్దెకిచ్చేది. నన్ను మొదటి పూటే 'దువ' అని పిలిచింది, కూతురా అని. పొద్దున్నే వంటింట్లోంచి రోలు చప్పుడు వినబడేది. తురిమిన కొబ్బరి, ఎండుమిర్చి, చిన్న ఎర్రుల్లిపాయలు, ఉప్పు వేసి రాయితో నూరి, చివర్లో నిమ్మకాయ పిండేది. అందరికీ అందులో ఉంబలకడ అనే ఎండుచేప పొడి కూడా పడుతుంది. మొదటి రోజు నన్ను అడిగి నా వాటా వేరుగా తీసి పెట్టింది. రెండో రోజు నేనే వెయ్యమన్నాను. ఆ పొల్ సంబోలూ, పరిప్పు అనే పలచటి పప్పూ, ఆవిరి మీద ఉడికిన ఇడియాప్పాలూ అరటాకు ముక్క మీద పెట్టి, నేను తినే దాకా ఎదురుగా కూర్చునేది. ఇంకొంచెం, ఇంకొంచెం అనడం మా అమ్మకి మాత్రమే వచ్చనుకునేదాన్ని.

క్యాండీ సరస్సు ఒడ్డున నడుస్తున్నప్పుడు నాకు తెలియని ఒక కథ ఆవిడే చెప్పింది. క్యాండీని ఏలిన చివరి నలుగురు రాజులూ నాయక వంశం వాళ్ళు. 1739లో సింహళ రాజు వారసుడు లేకుండా పోతే, మధుర నుంచి వచ్చిన రాణి తమ్ముడికి కిరీటం పెట్టారు. మధుర నాయకుల మూలాలు తెలుగువని మనం స్కూల్లో చదువుకున్నదే. ఆ తమ్ముడి తర్వాత వచ్చిన కీర్తి శ్రీ రాజసింహ, పుట్టుకతో శైవుడైనా, అడుగంటిపోయిన బౌద్ధ సంఘాన్ని నిలబెట్టడానికి 1753లో సయాం నుంచి భిక్షువుల్ని రప్పించాడు. బుద్ధుడి దంతాన్ని ఉంచిన గుడిని, అదే దంతాలయాన్ని, బాగు చేయించినవాళ్ళలో ఆయనొకడు. చివరివాడు శ్రీ విక్రమ రాజసింహ. దంతాలయం ముందున్న మడులని ముంచి 1807లో ఈ సరస్సు తవ్వించింది ఆయనే. వెట్టిచాకిరీ చేయించి తవ్వించాడని జనం తిట్టుకున్నారు, ఎదురు చెప్పిన పెద్దల్ని కొర్రు వేయించాడని కూడా చెప్పుకుంటారు. 1815లో ఆయన్ని ఇంగ్లీషువాళ్ళు పట్టుకుని, మరుసటేడు వేలూరు కోటకి పంపేశారు. అక్కడే 1832లో పోయాడు. మంచివాడో చెడ్డవాడో నేను తేల్చలేను గానీ, ఒడ్డున మేఘాల ఆకారంలో కట్టిన ఆ తెల్ల పిట్టగోడని చూస్తూ చాలాసేపు నిలబడ్డాను. మన వైపు నుంచి పోయిన మనుషులు అంత దూరంలో రాజ్యం ఏలి, అక్కడి మతాన్ని తమదిగా చేసుకుని, చివరికి ఖైదీలై మళ్ళీ ఈ ఒడ్డుకే చేరారు. ఇంత కథ మా పాఠ్యపుస్తకంలో ఒక్క పేరాగా కూడా లేదు.

టీచరమ్మ భర్త ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరైన పెద్దాయన. నాన్న చెప్పిన మాట ఆయనతో అన్నాను. అంతే, పాత క్యాలెండర్ కాగితం తిరగేసి పెన్సిల్‌తో గీయడం మొదలుపెట్టాడు. ఇదిగో మహావెలి నది, క్యాండీని చుట్టుకుని పోతుంది. ఇదిగో పొల్గొల్ల ఆనకట్ట, ఊరి పక్కనే. 1976లో ఇక్కడ సొరంగం వేసి ఈ నీళ్ళని ఉత్తరానికి, మెట్ట ప్రాంతానికి తిప్పారు. ఆ నీళ్ళు బోవతెన్న మీదుగా కలావెవలో పడతాయి. 'వెవ' అంటే చెరువు. కలావెవ నుంచి ఐదో శతాబ్దంలో తవ్విన కాలువ ఇప్పటికీ అనురాధపురం చెరువులకి నీళ్ళు మోస్తోంది. పెన్సిల్ గీత కాగితం పైదాకా పోయి ఆగింది. "మీ నాన్నకి చూపించాలంటే ఈ గీత వెంట వెళ్ళు" అన్నాడు. తంబుత్తేగమ దగ్గర వ్యవసాయం చేసుకునే తన బావమరిదికి ఫోన్ కూడా చేశాడు.

అప్పటిదాకా నాకు ఒక ప్లాన్ లేదు. ఆ రాత్రి ప్లాన్ దొరికింది.

మధ్యలో ఎల్ల అనే కొండ ఊరు కూడా చూసొచ్చాను, ఎందుకంటే ఆ రైలు వదులుకోకూడదు. మూడో తరగతి పెట్టె తలుపు దగ్గర కూర్చుంటే తేయాకు కొండలు, మబ్బులు, పట్టిపొల దగ్గర వణికించే చలి, దెమోదర తొమ్మిది కమానుల వంతెన అన్నీ ఒక్క పూటలో చూపిస్తుంది. అయితే నా పక్కన కూర్చున్న తేయాకు తోట అక్క చెప్పిన మాటలే ఆ కొండలకంటే ఎక్కువ గుర్తున్నాయి. ఆమెది తమిళం, నాది వచ్చీరాని తమిళం. రోజుకి వెయ్యి రూపాయల కూలి కోసం వాళ్ళు అడుగుతున్న రోజులవి. తమ తాతలని కాఫీ తోటల కోసం పడవల్లో తెచ్చారనీ, 1948లో పౌరసత్వం తీసేసి ఏ దేశమూ కాని మనుషుల్ని చేశారనీ, బంధువులు సగం మంది ఇండియాకి తిరిగి పోయారనీ చెప్పింది. ఆకు గిల్లీ గిల్లీ నల్లబడ్డ వేళ్ళు ఆమెవి. హట్టన్‌లో దిగిపోతూ నా చేతిలో రెండు జామకాయలు పెట్టింది.

సీగిరియ గురించి మీకు ఫొటోల్లో తెలిసిందే. నేను వెళ్ళినప్పుడు సార్క్ దేశాలవాళ్ళకి టికెట్ సగమే ఉండేది, పాస్‌పోర్ట్ మరవద్దు. కొండ ఎక్కి, గుహలోని అప్సరసలని చూసి, సింహం పంజాల మధ్యలోంచి పైకి పోయాక కింద కనబడే ఉద్యానవనాల నీటి కొలనులు చూడండి. పదిహేను వందల ఏళ్ళనాటి ఫౌంటెన్లు వానాకాలంలో ఇప్పటికీ పనిచేస్తాయి. ఈ కొండ మీద కోట కట్టించిన కశ్యపుడు సొంత తండ్రి ధాతుసేనుణ్ణి చంపి రాజైనవాడు. ఆ ధాతుసేనుడే కలావెవ కట్టించినవాడు. చాలామంది కొడుకు కోట చూసి వెళ్ళిపోతారు. తండ్రి చెరువు బస్సులో ఎంతో దూరం లేదు.

దంబుల్ల నుంచి కెకిరావ, అక్కడ బస్సు మారి కలావెవ. దిగగానే నాకు కాళ్ళు ఆడలేదు. ఊళ్ళో కట్ట ఎక్కేటప్పుడు వచ్చే వాసన, నీటి వాసనా బురద వాసనా తుంగ వాసనా కలిసినది, అదే వచ్చింది. కట్టకి లోపలి వైపు రాతి పేర్పు, అలలు తగిలే చోట నున్నగా అరిగిపోయి ఉంది. నీళ్ళల్లోకి వేళ్ళు చాచిన తెల్లమద్దిని వాళ్ళు 'కుంబుక్' అంటారు. మా పాకాల దగ్గర ఉన్నదే. జూన్ కాబట్టి నీరు కొంచెం వెనక్కి జరిగి, చెరువు అంచున గడ్డి లేస్తోంది. పొద్దు వాలాక ఆ గడ్డి కోసం అవతలి ఒడ్డున అడవి ఏనుగులు వచ్చాయి. ముందు నల్లటి రాళ్ళనుకున్నాను. రాళ్ళు కదిలాయి. పిల్ల ఏనుగొకటి నీళ్ళల్లోకి పరిగెత్తడం, తల్లి తొండంతో అడ్డుకోవడం దూరం నుంచే కనబడుతోంది.

కట్ట మీద కడవర దేవుడికి చిన్న గుడి ఉంది. కట్ట తెగబోతే తన ప్రాణమే అడ్డం వేసి ఆపినవాడని చెప్పుకుంటారు. దీపం పెట్టి వెళ్తున్న ఒకావిడ నాకూ వత్తి ఇచ్చింది. మన కట్ట మైసమ్మ ముందు నిలబడి బోనం పెట్టే అమ్మలే కళ్ళ ముందు మెదిలారు. కట్ట నిలబడాలని దేవుణ్ణి పెట్టుకునే రైతు ఎక్కడైనా రైతే.

పెద్దాయన బావమరిది మోటార్ సైకిల్ మీద వచ్చి నన్ను అక్కడే కలిశాడు. ఆయనకి ఇంగ్లీషు తక్కువ, పదో తరగతి చదివే కూతురు మధ్యలో చెప్పేది. పాత తూము దగ్గరికి తీసుకుపోయి చూపించారు. కట్ట లోపలే చతురస్రంగా రాళ్ళతో కట్టిన బావిలాంటి గది, దాన్ని 'బిసోకొటువ' అంటారు. చెరువు లోతు నీటి ఒత్తిడి అంతా ఆ గదిలోకి వచ్చి సద్దుమణిగాక కాలువలోకి మెల్లగా పోతుంది. అందుకే అంత పెద్ద చెరువులో కూడా తూము కొట్టుకుపోదు. ఈ పద్ధతి వాళ్ళకి క్రీస్తు పూర్వం నుంచే తెలుసు. నేను రాతి మీద చెయ్యి పెట్టి చూశాను. రెండు రాళ్ళ మధ్య అతుకులో నా గోరు దూరలేదు.

ధాతుసేనుడి కథ ఆ కట్ట మీద నిలబడి ఆయన చెబుతుంటే విన్నాను. కశ్యపుడు తండ్రిని బంధించి, దాచిన సొత్తు ఎక్కడుందో చూపించమన్నాడు. ముసలి రాజు తనని కలావెవకి తీసుకుపొమ్మన్నాడు. చెరువులో దిగి స్నానం చేసి, దోసిలితో నీళ్ళు ఎత్తి, నాకున్న సొత్తంతా ఇదే అన్నాడు. కొడుకు కోపంతో తండ్రిని గోడలో పెట్టి మూయించాడు. వాళ్ళ పురాతన వంశచరిత్రలో ఉన్న కథే ఇది, ఎన్నో పుస్తకాల్లో దొరుకుతుంది. కానీ తన పొలానికి ఆ నీళ్ళే పారుతున్న మనిషి, తన దోసిలి చూపిస్తూ చెప్పినప్పుడు నాకు గొంతు పూడుకుపోయింది.

వాళ్ళింట్లో కొన్నాళ్ళు ఉన్నాను. యాల పంట నడుస్తోంది. వాళ్ళకి పంటలు రెండు. ఈశాన్య వానలతో వచ్చే 'మహా' పెద్ద పంట, ఎండాకాలం నడిపే 'యాల' చిన్న పంట. మన వానాకాలానికీ యాసంగికీ లెక్క అక్కడ తిరగబడుతుంది. నేను నోట్‌బుక్‌లో అన్నిటికంటే శ్రద్ధగా రాసుకున్నది 'బెత్మ' పద్ధతి. చెరువులో నీళ్ళు తక్కువున్న ఏడు ఆయకట్టు మొత్తం పారించరు. తూముకి దగ్గరున్న పొలాలనే సాగు చేస్తారు, కానీ ఆ పొలాలని ఆ సీజను వరకు అందరూ పంచుకుంటారు. చివరి మడి రైతుకీ పై మడిలో వాటా దొరుకుతుంది. మా దగ్గర కాలువ చివరి రైతులు నీళ్ళు రాక రాత్రుళ్ళు తూముల దగ్గర కొట్లాడుకోవడం చూసినదాన్ని, ఇది విని నమ్మలేకపోయాను. నిజంగా ఇస్తారా అని రెండుసార్లు అడిగాను. ఇస్తారు, లేకపోతే ఊళ్ళో మొహం చూపించలేరు అన్నాడు. మన నీరటికాడి లాంటి పెద్దమనిషి వాళ్ళకీ ఉండేవాడు, 'వెల్ విదానె' అని. నాన్నకి ఫోన్‌లో ఇదంతా చెబితే చాలాసేపు ఏమీ అనలేదు, తర్వాత "రాసుకొని రా" అన్నాడు.

ఆ ఇంట్లో అన్నమూ చేపల పులుసూ తామరాకు మీద, ఆఖర్న మట్టి పిడతలో గేదె పెరుగు, పైన జీలుగు పాకం. పెరుగు చెంచాతో తీస్తే గడ్డగా లేచి, ఆ గుంటలోకి పాకం మెల్లగా చేరేది. ఎదిగిన కూతురున్న ఇల్లు కావడంతో రాత్రుళ్ళు నాకు భయమన్నది తెలియలేదు.

ఒక బాధ కూడా ఆ ఇంట్లోనే చూశాను. ఆయన అన్న కిడ్నీ జబ్బుతో పోయాడు. పక్కింట్లో ఇంకొకరు వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి పోతున్నారు. ఆ ఉత్తర మధ్య ప్రాంతంలో 1990ల నుంచి వరి రైతుల్లో ఈ జబ్బు విపరీతం. షుగరూ బీపీ ఏదీ లేకుండానే మూత్రపిండాలు పోతాయి. కారణం నీళ్ళా, పురుగుమందులా, ఎండలో ఒంట్లో నీరు ఎండిపోవడమా, ఇదీ అని ఎవరూ గట్టిగా తేల్చలేదు. శ్రీకాకుళం ఉద్దానంలో ఉన్నది అచ్చం ఇదే. నేను ఉద్దానం గురించి చెబుతుంటే ఆయన భార్య నా చెయ్యి పట్టుకుని, అక్కడ కూడా ఆడవాళ్ళు ఇట్లాగే ఒంటరివాళ్ళయ్యారా అని అడిగింది. అవునన్నాను. తాగే నీళ్ళు మాత్రం వాళ్ళు చెరువువి కాదు, ఫిల్టర్ ప్లాంట్ నుంచి డబ్బాల్లో తెచ్చుకునేవాళ్ళు. అంత చెరువు గడప ముందు పెట్టుకుని.

కుడాగమ అనే ఊరి సంగతి ఆయన కూతురే చెప్పింది. "అక్కడ అహికుంటికలు ఉంటారు, పాములాడించేవాళ్ళు, ఇండియా భాషేదో మాట్లాడుకుంటారు" అంది. తంబుత్తేగమ నుంచి త్రీవీలర్‌లో వెళ్ళాం. చిన్న చిన్న సిమెంటు ఇళ్ళు, ముందు చెట్లు, అరుగు మీద ఒక ముసలామె కాళ్ళు చాపుకుని తమలపాకులు నములుతోంది. నాకు గుండె దడదడలాడుతోంది. "అవ్వా, బాగున్నవా?" అన్నాను. ఆమె నమలడం ఆపేసింది. నన్ను కిందనుంచి పైదాకా చూసింది. "ఏ ఊరు పిల్లా నీది?" అంది.

ఆ క్షణం ఎలా ఉందో ఎన్నిసార్లు చెప్పబోయినా నాకు మాటలు సరిపోవు.

తర్వాత రెండు గంటలు మాట్లాడుకున్నాం. సగం మాటలు సింహళం కలిసిపోయి నాకు అందలేదు, సగం నేరుగా గుండెలోకి దిగాయి. నీళ్ళు, ఎండ, ఆకలి, గాడిద, కోతి, పాము, కూతురు, అల్లుడు. వాళ్ళ అమ్మానాన్నల కాలంలో తాటాకు లాంటి పెద్ద ఆకుల డేరాలు గాడిదల మీద వేసుకుని ఊరూరా తిరిగేవాళ్ళట. చెరువుల పక్కనే దిగేవాళ్ళు. ఒకచోట వారం మించి ఉండకూడదని కట్టుబాటు. మగవాళ్ళు నాగుపామునీ కోతినీ ఆడించేవాళ్ళు, ఆడవాళ్ళు చెయ్యి చూసి జాతకం చెప్పేవాళ్ళు. ఎప్పుడు సముద్రం దాటారో ఆమెకి తెలియదు, తాతలు చెప్పుకునేవాళ్ళంది అంతే. ఇప్పుడు స్థిరపడ్డారు, పిల్లలు బడికి పోతున్నారు. పేర్లు సింహళం, బడి సింహళం, టీవీ సింహళం. మనవణ్ణి పిలిచి నాతో మాట్లాడమంది. వాడికి అర్థమవుతుంది, జవాబు మాత్రం సింహళంలోనే ఇచ్చాడు. వాళ్ళ తెలుగుకి రాత లేదు. నోటి నుంచి నోటికి ఇన్ని తరాలు వచ్చింది, ఈ పిల్లల దగ్గర ఆగిపోయేలా ఉంది. ముసలామె అనుమతి అడిగి ఆమె మాటలు ఫోన్‌లో రికార్డు చేసుకున్నాను. వచ్చేటప్పుడు నా అరచెయ్యి చూసి, చాలా దూరాలు తిరుగుతావంది. డబ్బులిస్తే తీసుకోలేదు. "నా పిల్ల దగ్గర తీస్కుంటనా" అంది.

అనురాధపురం చేరేసరికి పొసొన్ పున్నమి. అశోకుడి కొడుకు మహిందుడు బౌద్ధం తెచ్చిన రోజని దేశమంతా అక్కడికే వస్తుంది. రోడ్డు పొడవునా తెల్లబట్టల జనం. ఎక్కడ చూసినా 'దన్సల్', దారిన పోయే ప్రతి మనిషినీ ఆపి ఊరికే అన్నం పెట్టే పందిళ్ళు. బస్సులని కూడా ఆపి, దిగి తినిపొమ్మని చేతులూపి పిలుస్తారు. నేనూ వరసలో నిలబడి తిన్నాను. ఒకచోట పిల్లలు నాకు బెల్లం ముక్కతో వేడి టీ ఇచ్చి, తాగే దాకా నవ్వుతూ చూశారు. శ్రీ మహాబోధి చెట్టు దగ్గర బంగారు కంచె, రువన్‌వెలిసాయ తెల్లటి స్తూపం, తొమ్మిది కోట్ల పైచిలుకు ఇటుకలతో కట్టిన జేతవన స్తూపం, అన్నీ తిరిగాను. మ్యూజియంలో మన అమరావతి తీరు సున్నపురాతి శిల్పాలు చూసినప్పుడు నాగార్జునకొండ శాసనం గుర్తొచ్చింది. మూడో శతాబ్దంలో బోధిసిరి అనే ఉపాసిక సింహళ భిక్షువుల కోసం అక్కడ చైత్యగృహం కట్టించింది. ఆ లోయ ఇప్పుడు సాగర్ నీళ్ళ కింద ఉంది. రాకపోకలు అప్పుడే అంత మామూలుగా ఉండేవి.

గుళ్ళకంటే ఎక్కువసేపు తిస్సావెవ కట్ట మీద కూర్చున్నాను. యాత్రికులు మునుగుతున్నారు, పిల్లలు నీళ్ళు చల్లుకుంటున్నారు. ధాతుసేనుడి కాలువ, జయగంగ అంటారు దాన్ని, కలావెవ నుంచి సుమారు 87 కిలోమీటర్లు నడిచి ఇక్కడికే వస్తుంది. మొదటి 17 మైళ్ళలో దాని వాలు మైలుకి 6 అంగుళాలే. యంత్రాలు లేని కాలంలో అంత సన్నటి వాలు పట్టుకున్న మనుషుల పేర్లు ఎక్కడా లేవు. క్యాండీలో పెద్దాయన గీసిన పెన్సిల్ గీత చివర ఇదే. చెప్పులు విప్పి నీళ్ళల్లో దిగి, ఒక దోసెడు నెత్తిన చల్లుకున్నాను.

చెన్నైలో దిగాక నేరుగా ఇంటికి పోబుద్ధి కాక వేలూరు బస్సెక్కాను. పాలారు ఒడ్డున ముత్తుమండపంలో క్యాండీ చివరి రాజు సమాధి ఉంది. దండ పెట్టి వచ్చాను.

క్యాండీ ఆంటీతోనూ తంబుత్తేగమ వాళ్ళతోనూ ఇప్పటికీ మాటలున్నాయి. 2021లో అక్కడ ఒక్కసారిగా రసాయన ఎరువుల దిగుమతి ఆపేసినప్పుడు వాళ్ళ మహా పంట సగానికి పడిపోయింది. మరుసటేడు పెట్రోలు కోసం, గ్యాస్ కోసం రోజుల తరబడి క్యూలు. ఆ నెలల్లో ఫోన్ చేసినప్పుడల్లా ఆయన చెప్పేది ఒకటే, చెరువులో నీళ్ళున్నాయి, తినడానికి బియ్యం ఉన్నాయి, దిగులు పడకు అని. ఆ అమ్మాయి ఇప్పుడు టీచర్ ఉద్యోగం చేస్తోంది. కుడాగమ ముసలామె పోయిందని రెండేళ్ళ కింద ఆ అమ్మాయే మెసేజ్ పెట్టింది. నా ఫోన్‌లో ఉన్న రికార్డింగ్ ఆమె మనవడికి పంపించాను.

ఇది చదివేవాళ్ళలో యూనివర్సిటీ తెలుగు శాఖల్లో పనిచేసేవాళ్ళో, భాష మీద పరిశోధన చేసే పిల్లలో ఉంటే నాదొక మనవి. ఆ మాట ఇంకా నోళ్ళల్లో ఉండగానే వెళ్ళండి, వినండి, ఆ పిల్లలకి పనికొచ్చేలా ఏదైనా చేయండి. కొలంబో కోట స్టేషన్ నుంచి అనురాధపురం వైపు పోయే రైలెక్కితే తంబుత్తేగమలో దిగొచ్చు. అక్కడి నుంచి త్రీవీలర్ దొరుకుతుంది. ఊరి పేరు చెబితే చాలు.